లండన్ పాత పబ్బులు, రెస్టారెంట్లు, థియేటర్లు ఒక్క రోజులో నడిచి చూడొచ్చా?

మీ ప్రశ్న ఇదీ: జూన్‌లో అమ్మాయి దగ్గరికి లండన్ వస్తున్నారు. ఒక రోజు పూర్తిగా మీ ఇద్దరిదే. పాతకాలపు టావెర్న్‌లు, రెస్టారెంట్లు, నాటక థియేటర్లు నడుస్తూ చూడాలని ఉంది. మీరు ఎప్పుడైనా ఒక బీరు తాగుతారు. మీ ఆవిడ తాగరు, పైగా శాకాహారి. నెట్‌లో జాబితాలు చూస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు, అసలు తాగనివాళ్లు పబ్బులోకి వెళ్తే బాగుంటుందా అని టెన్షన్ కూడా.

నిక్షేపంగా చూడొచ్చండి. లండన్ బ్రిడ్జి స్టేషన్ దగ్గర దిగి, నదికి దక్షిణాన ఉన్న సదర్క్‌లో మొదలుపెట్టండి. బ్లాక్‌ఫ్రయర్స్ వంతెన దాటి ఫ్లీట్ స్ట్రీట్‌కి, అక్కణ్నుంచి స్ట్రాండ్ మీదుగా కోవెంట్ గార్డెన్‌కి రండి. సందులూ గొందులూ కలుపుకుని అయిదారు కిలోమీటర్లు. బుధవారమో గురువారమో పెట్టుకోండి. ఆదివారం మాత్రం వద్దు, ఫ్లీట్ స్ట్రీట్ వైపు ఆఫీసు జనాన్ని నమ్ముకున్న పబ్బులు చాలా వరకు వారాంతంలో మూసేస్తారు.

నేను ఇక్కడ చాలా ఏళ్లుగా ఉంటున్నాను. ఊరి నుంచి చుట్టాలొచ్చినా, ఆఫీసులో కొత్తవాళ్లు చేరినా ఈ దారినే తిప్పుతుంటాను. వాళ్లలో సగం మంది తాగరు.

దారి ఇలాగే ఎందుకంటే, లండన్‌లో నాటకం నడిచొచ్చిన దారి కూడా దాదాపు ఇదే. 1500ల చివర్లో సిటీ పెద్దలకు, అంటే నదికి ఉత్తరాన ఉన్న పాత లండన్ నగరాన్ని ఏలేవాళ్లకు, నాటకాలంటే గిట్టేది కాదు. జనం గుంపు కడతారు, ప్లేగు అంటుకుంటుంది, పనివాళ్లు పని ఎగ్గొడతారు అని వాళ్ల గోల. అందుకని నాటకాలవాళ్లు సిటీ మాట చెల్లని చోటు వెతుక్కున్నారు. నది దాటితే సదర్క్, అక్కడ అంత పట్టింపు లేదు. సత్రాలూ అక్కడే ఉండేవి. 1750లో వెస్ట్‌మినిస్టర్ వంతెన తెరిచేదాకా నగరంలోకి నది దాటి రావడానికి ఉన్న వంతెన లండన్ బ్రిడ్జి ఒక్కటే. రాత్రయితే దాని తలుపులు మూసేవాళ్లు. ఆలస్యంగా వచ్చిన బాటసారులూ బండ్లవాళ్లూ ఇవతలి ఒడ్డున బరో హై స్ట్రీట్‌లో ఆగాల్సిందే. ఆగినవాడికి పడుకోవడానికి చోటు కావాలి, తాగడానికి ఏల్ (ఒక రకం బీరు) కావాలి, పొద్దు పోవడానికి ఆటా పాటా కావాలి.

తర్వాత 1642లో ప్యూరిటన్లు అనే మతనిష్ఠాపరులైన క్రైస్తవులు నాటకశాలలు మూయించారు. 1660లో రెండో చార్లెస్ గద్దెనెక్కి, లండన్‌లో నాటకం ఆడే హక్కు ఇద్దరికే రాసిచ్చాడు. వాళ్లు కలిగినవాళ్లుండే పడమటి వైపు చేరారు. పాటలు లేకుండా మాటలతోనే నాటకం ఆడే ఆ హక్కు 1843 నాటి థియేటర్ల చట్టం దాకా ప్రధానంగా వాళ్ల వారసుల చేతుల్లోనే ఉండిపోయింది. థియేటర్లన్నీ ఇప్పుడు కోవెంట్ గార్డెన్ చుట్టూ ఎందుకు మూగాయో దీన్నిబట్టి తెలుస్తుంది. మీరు పొద్దున సదర్క్‌లో బయల్దేరి సాయంత్రానికి కోవెంట్ గార్డెన్ చేరితే రెండు వందల యాభై ఏళ్లు వరసగా నడిచినట్టే.

దారి చెప్పేముందు ఒక జాగ్రత్త. ఇక్కడ ప్రతి రెండో పబ్బు మీద "లండన్‌లో అతి పురాతనమైనది" అని రాసి ఉంటుంది. పాతది అనగానే ఏది పాతదని అడగండి: స్థలమా, లైసెన్సా, గోడలా, లోపలి సరంజామానా? హై హోబర్న్‌లో సిటీ ఆఫ్ యార్క్ అనే పబ్బు ఉంది. ఎత్తైన కప్పు, పైన వరసగా పెద్ద పెద్ద పీపాలు చూసి మధ్యయుగాల నాటిదని ఫొటోలు తీసుకుంటారు. ఆ భవనం 1920ల్లో కట్టింది. కోవెంట్ గార్డెన్‌లోని లాంబ్ అండ్ ఫ్లాగ్ పాత పబ్బే, కానీ మీకు ఎదురుగా కనబడే ఇటుక గోడ 1958 నాటిది. సవాయ్ థియేటర్ తెరిచింది 1881లో, పూర్తిగా కరెంటు దీపాలతో వెలిగిన మొదటి ప్రజాభవనంగా దానికి పేరు. లోపలి అలంకారం మాత్రం 1929 నాటి తీరు, అదీ 1990 అగ్నిప్రమాదం తర్వాత మళ్లీ అచ్చం అలాగే చేసి 1993లో తెరిచింది. ఇందులో మోసమేమీ లేదు. కాలుతూ, కూలుతూ, మళ్లీ కట్టుకుంటూ వచ్చిన ఊరు ఇది. ఏది ఎప్పటిదో తెలిసి చూస్తే బాగుంటుందని చెప్తున్నాను.

ఇక దారి.

పదిన్నరకల్లా బరో మార్కెట్ చేరి ఏదైనా తినండి. సోమవారం మార్కెట్ ఉండదు. మీ ఆవిడకు ఈ రోజు మొత్తంలో అన్నిటికంటే ఎక్కువ రకాలు దొరికేది ఇక్కడే, కాబట్టి గట్టిగా తినమనండి. అక్కణ్నుంచి రెండు నిమిషాల్లో జార్జ్ ఇన్. బరో హై స్ట్రీట్ మీద గేటులాంటి దారిలోంచి లోపలికెళ్తే పెద్ద వాకిలి, పక్కన చెక్క వసారాలతో పొడవాటి భవనం. 1676లో సదర్క్ తగలబడ్డాక 1677లో తిరిగి కట్టారు. వసారాలున్న పాత సత్రాల్లో లండన్‌లో మిగిలింది ఇదొక్కటే. ఒకప్పుడు వాకిలికి మూడు వైపులా ఇలాగే ఉండేది. మిగతా రెండు వైపులూ 1889లో రైల్వే కంపెనీ గోదాముల కోసం పడగొట్టింది. 1937 నుంచి పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉంది. పాత గోడలే చూడాలంటే నేను ముందు ఇక్కడికే పంపిస్తాను.

ఆ వాకిట్లో అయిదు నిమిషాలు నిలబడి పైకి చూడండి. ఇలాంటి సత్రాల వాకిళ్లలోనే మొదట్లో నాటకాలాడేవాళ్లు. మధ్యలో చెక్కల వేదిక, కింద నిలబడేవాళ్లకు తక్కువ డబ్బు, పై వసారాల్లో కూర్చునేవాళ్లకు ఎక్కువ. తర్వాత కట్టిన నాటకశాలల్లోనూ ఇదే అమరిక కనబడుతుంది. పది నిమిషాలు నడిస్తే వచ్చే షేక్‌స్పియర్ నాటకశాల గ్లోబ్‌కి వెళ్లి చూడండి, ఇదే వాకిలి గుండ్రంగా వంగినట్టుంటుంది.

దారిలో పార్క్ స్ట్రీట్ మీద రెండు చోట్ల ఆగండి. రోజ్ థియేటర్ 1587లో కట్టింది ఇక్కడే. 1989లో ఆఫీసు భవనానికి పునాదులు తవ్వుతుంటే అవశేషాలు బయటపడ్డాయి, నటులూ జనమూ గొడవ చేస్తే భవనం కిందే కాపాడారు. అసలు గ్లోబ్ ఉన్న చోటు కూడా ఆ వీధిలోనే, నేల మీద గుర్తు పెట్టి ఉంటుంది. 1599 నాటి ఆ గ్లోబ్ 1613లో నాటకం మధ్యలో కాలిపోయింది. నాటకంలో భాగంగా ఫిరంగి పేల్చారు, నిప్పురవ్వ గడ్డి కప్పుకి అంటుకుంది. ప్రాణాలు పోలేదు. ఒకాయన లాగు అంటుకుంటే సీసాలో ఉన్న ఏల్ పోసి ఆర్పారని అప్పటి ఉత్తరంలో ఉంది.

ఇప్పుడున్న గ్లోబ్ 1997లో తెరిచింది, సామ్ వానమేకర్ అనే అమెరికన్ నటుడి పట్టుదల ఫలితం. కొత్తదని కొట్టిపారేయకండి. 1666 అగ్నిప్రమాదం తర్వాత లండన్‌లో గడ్డి కప్పు వేసిన మొదటి భవనం ఇదే. ఎండాకాలంలో మధ్యాహ్నం ఆటలు కూడా ఉంటాయి. నిలబడి చూసే టికెట్లు చవకగా దొరుకుతాయి. మన సినిమా హాళ్లలో నేల టికెట్ లాంటిదే, కాకపోతే ఇక్కడ నేల మీద కూర్చోనివ్వరు! వానొస్తే తడవాలి, గొడుగు తెరవనివ్వరు. దాదాపు మూడు గంటలు నిలబడటం మీ ఇద్దరికీ కష్టమనిపిస్తే గైడ్‌తో లోపల చూపించే టూర్ తీసుకోండి. ఈ రోజు మొత్తంలో గైడ్‌కి డబ్బు పెట్టదగ్గ చోటు ఇదొక్కటే. "రెండు గంటల్లో నాలుగు పబ్బులు" అని తిప్పే టూర్లు నాకు నచ్చవు, గ్లాసు ఖాళీ అయ్యేలోపే లేవమంటారు.

గ్లోబ్ నుంచి నది ఒడ్డునే పడమటికి నడిచి బ్లాక్‌ఫ్రయర్స్ వంతెన దాటండి. దాటగానే ఇస్త్రీపెట్టె ఆకారంలో ఇరుకుగా ఒక పబ్బు, పేరు బ్లాక్ ఫ్రయర్. భవనం 1875 నాటిది, లోపల పాలరాయి, కంచు బొమ్మల అలంకారం 1905 ప్రాంతంలో చేశారు. నల్ల అంగీల సన్యాసులు పాడుతూ, చేపలు పడుతూ, కునుకుతూ గోడల నిండా ఉంటారు. 1960ల్లో దీన్ని పడగొట్టబోతే కవి జాన్ బెట్జమన్ లాంటివాళ్లు అడ్డుపడ్డారు. ఇక్కడ నిజంగానే సన్యాసుల మఠం ఉండేది. మఠం పోయాక కూడా ఆ స్థలం మీద సిటీకి పెత్తనం లేకపోవడంతో షేక్‌స్పియర్ కంపెనీ చలికాలంలో ఆడటానికి లోపలి నాటకశాల ఇక్కడే పెట్టుకుంది. పబ్బు వెనక సందుల్లో ఒకదాని పేరు ఇప్పటికీ ప్లేహౌస్ యార్డ్.

ఫ్లీట్ స్ట్రీట్‌లో యే ఓల్డ్ చెషైర్ చీజ్ వదలకండి. దారి వైన్ ఆఫీస్ కోర్ట్ అనే సన్నటి సందులోంచి. తలుపు పక్కన ఒక పలక, 1667లో మళ్లీ కట్టినప్పటి నుంచి ఎంతమంది రాజులూ రాణులూ మారారో దాని మీద వరసగా రాసి ఉంటుంది. లోపల చీకటి, తక్కువ ఎత్తు కప్పు, ఇరుకు మెట్లు, కిందికి దిగేకొద్దీ గదులు. ఇంగ్లీషు నిఘంటువు రాసిన డాక్టర్ శామ్యూల్ జాన్సన్ ఇక్కడే కూర్చునేవాడని చెప్తారు. ఆయన ఇల్లు పక్కనే గాఫ్ స్క్వేర్‌లో ఉన్న మాట నిజం, అది ఇప్పుడు మ్యూజియం. కానీ ఆయన వెంట తిరిగి అన్నీ రాసుకున్న బాస్వెల్ ఈ పబ్బు పేరే ఎత్తలేదు. ఇది ఆయన కుర్చీ అంటే చూసి దండం పెట్టకండి, గది చూసి ఆనందించండి. ఇంకొక మాట. ఇది శామ్యూల్ స్మిత్ అనే బీరు కంపెనీ పబ్బు. వాళ్ల పబ్బుల్లో ఫోన్లు వాడొద్దని 2019 నుంచి నియమం. అమ్మాయి ఫోన్ చేస్తే సందులోకి వెళ్లి మాట్లాడండి.

మధ్యాహ్న భోజనం రెండింటిలోపు అయ్యేలా చూసుకోండి. చాలా పబ్బుల్లో వంటగది మధ్యలో కాసేపు కట్టేస్తారు. పబ్బులు చూడటానికి మంచి సమయం మూడు నుంచి నాలుగున్నర. అయిదు దాటితే ఆఫీసులు వదిలి జనం ఫుట్‌పాత్ మీద దాకా నిలబడతారు, గురువారం మరీను.

ఇప్పుడు మీ అసలు భయం సంగతి. మన దగ్గర బార్ అంటే ఒక మాదిరి చూపు ఉంది కాబట్టి మొహమాటం సహజం. ఇక్కడ పబ్బులో ముసలివాళ్లు పేపరు చదువుకుంటారు, పిల్లల్ని వెంటబెట్టుకుని భోజనానికొస్తారు. మీ ఆవిడ లైమ్ అండ్ సోడా అడిగితే ఎవరూ రెండోసారి చూడరు. మామూలు నీళ్లు అడిగితే ఉచితంగా ఇవ్వాలని ఇంగ్లండ్‌లో చట్టమే ఉంది. బల్ల దగ్గర కూర్చుని ఎదురుచూస్తే మాత్రం ఎవరూ రారు. కౌంటర్ దగ్గరికి మీరే వెళ్లి చెప్పి, డబ్బు కట్టి, గ్లాసు తెచ్చుకోవాలి. టిప్పు అక్కర్లేదు. అన్ని చోట్లా చూడాలనుకుంటే మీరు సగం పైంట్ (చిన్న గ్లాసు) చొప్పున తీసుకోండి, లేకపోతే సాయంత్రం నాటకంలో నిద్రపోతారు. టాయిలెట్లు చాలా చోట్ల నేలమాళిగలో, నిటారు మెట్ల కింద ఉంటాయి. మోకాళ్ల నొప్పులుంటే ముందే అడిగి తెలుసుకోండి.

శాకాహారం గురించి: మెనూలో శాకాహార గుర్తు ఉంటుంది, పుట్టగొడుగుల పై లాంటివి దొరుకుతాయి. చిప్స్ మాత్రం ఏ నూనెలో వేయిస్తారో అడగండి. కొన్ని చోట్ల ఇప్పటికీ గొడ్డు కొవ్వు వాడతారు, చేపలు వేయించిన నూనెలోనే వేసేవాళ్లూ ఉన్నారు. వూస్టర్ సాస్‌లో చేపలుంటాయని మనవాళ్లకు చాలామందికి తెలియదు.

ఫ్లీట్ స్ట్రీట్ దాటి స్ట్రాండ్‌లోకి రాగానే, కోర్టుల భవనానికి ఎదురుగా ట్వైనింగ్స్ టీ కొట్టు. థామస్ ట్వైనింగ్ 1706లో ఇక్కడ కాఫీహౌస్ కొని టీ అమ్మడం మొదలుపెట్టాడు. కొట్టు సన్నగా రైలు పెట్టెలా ఉంటుంది, మీ ఆవిడకు నచ్చుతుంది. స్ట్రాండ్ మీదే 143 నంబరులో ఉన్న ఇండియా క్లబ్‌లో దోసె తినమని మీకు ఎవరైనా పెద్దవాళ్లు చెప్పే ఉంటారు. కృష్ణ మేనన్ ఇండియా లీగ్ వాళ్లు 1951లో పెట్టిన క్లబ్ అది. 2023 సెప్టెంబర్‌లో మూసేశారు, వెతకొద్దు.

కోవెంట్ గార్డెన్ ముందు మెయిడెన్ లేన్ అనే చిన్న వీధి. నాకు ఈ దారంతట్లో ఎక్కువ ఇష్టమైన వీధి ఇదే. ఇక్కడ రూల్స్ ఉంది, థామస్ రూల్ 1798లో ఆయిస్టర్ల (తినే సముద్రపు గుల్లల) కొట్టుగా పెట్టాడు. లండన్‌లో అన్నిటికంటే పాత రెస్టారెంట్ తామేనంటారు. ఎర్ర మఖమల్ సీట్లు, గోడల నిండా కార్టూన్లు, కొమ్ముల తలకాయలు. వేట మాంసానికి ప్రసిద్ధి, కాబట్టి మీ ఆవిడకు ఇక్కడ విందు కుదరదు. బయట నిలబడి చూసి కదిలినా నష్టం లేదు. అదే వీధిలో అడెల్ఫీ థియేటర్ వెనక తలుపు, అంటే నటులు వెళ్లే స్టేజ్ డోర్. 1897 డిసెంబర్ 16న విలియం టెరిస్ అనే పేరున్న నటుణ్ని, వేషాలు దొరకని ఇంకో నటుడు ఈ తలుపు దగ్గరే పొడిచి చంపాడు. గోడ మీద పలక ఉంటుంది. ముందు తలుపు స్ట్రాండ్ మీద లైట్లతో వెలిగిపోతుంటుంది కదా, వెనక ఇదీ.

అందుకే చెప్తుంటాను, పాత థియేటర్‌ని ముందు నుంచే చూసి వచ్చేయకండి, చుట్టూ తిరగండి. విక్టోరియా కాలం థియేటర్లలో చవక టికెట్లవాళ్లకు పక్క సందులో వేరే తలుపు, వేరే మెట్లు. పట్టు గౌన్లవాళ్లకు వాళ్లు ఎదురుపడకూడదు. పబ్బుల్లోనూ అంతే, కూలివాళ్ల గదికి ఒక తలుపు, దొరల గదికి ఒక తలుపు. సెయింట్ మార్టిన్స్ లేన్‌లో సాల్స్‌బరీ పబ్బు చెక్కుడు అద్దాలూ, దాని చుట్టూ ఉన్న థియేటర్ల పక్క తలుపులూ ఒకేసారి చూస్తే ఇది బాగా తెలుస్తుంది.

థియేటర్ రాయల్ డ్రూరీ లేన్ దగ్గర నెమ్మదిగా ఉండండి. ఈ చోట మొదటి నాటకశాల 1663లో వచ్చింది. ఇప్పుడున్నది నాలుగోది, 1812 నాటిది, ప్రేక్షకుల హాలు మాత్రం 1922లో మార్చింది. నెల్ గ్విన్ మొదట ఇక్కడ నారింజపళ్లు అమ్మి, తర్వాత నటి అయి, ఆపైన రాజుగారి ప్రియురాలైంది. 1809లో మూడో భవనం కాలిపోతుంటే యజమాని, నాటకకర్త షెరిడన్ దగ్గర్లో కూర్చుని తాగుతున్నాడట. ఇదేమిటయ్యా అంటే, సొంత పొయ్యి దగ్గర కూర్చుని ఒక గ్లాసు వైను తాగకూడదా అన్నాడని కథ. భవనాన్ని బాగుచేసి 2021లో మళ్లీ తెరిచారు. పగలు టీకీ వెళ్లొచ్చు, టూర్లూ ఉంటాయి. నాటకం చూసినా చూడకపోయినా లోపలి మెట్లు చూసి రండి.

సాయంత్రం నాటకానికి లెస్టర్ స్క్వేర్‌లో టీకేటీఎస్ కౌంటర్‌లో తగ్గింపు టికెట్లు దొరుకుతాయి. పై బాల్కనీ చవక, కానీ మెట్లు ఎక్కువ, చాలా పాత థియేటర్లలో అక్కడికి లిఫ్టు ఉండదు, మోకాళ్లు ముందు సీటుకి తగుల్తాయి. "రిస్ట్రిక్టెడ్ వ్యూ" అని ఉంటే స్తంభంలాంటిదేదో అడ్డొస్తుందని అర్థం. ఆటలు ఎక్కువగా ఏడున్నరకి. అయిదున్నర ఆ ప్రాంతంలో చాలా రెస్టారెంట్లలో నాటకానికి ముందు తినేవాళ్ల కోసం చవక మెనూ పెడతారు. బిల్లులో పన్నెండున్నర శాతం సర్వీస్ చార్జీ కలిపి ఉందేమో చూడండి, ఉంటే వేరే టిప్పు ఇవ్వొద్దు.

ఆ భోజనానికి నా సలహా వీరస్వామి, రీజెంట్ స్ట్రీట్ దగ్గర, కోవెంట్ గార్డెన్ నుంచి పావుగంట నడక. లండన్‌లో అన్నిటికంటే ఎక్కువ కాలం నడిచిన భారతీయ రెస్టారెంట్ ఇది, 1926లో పెట్టారు. పెట్టిన ఎడ్వర్డ్ పామర్, జనరల్ విలియం పామర్‌కీ ఆయన బేగం ఫైజ్ బక్ష్‌కీ వంశస్థుడు. హైదరాబాదులో నిజాం సర్కారుకు లక్షల్లో అప్పులిచ్చి పెద్ద రగడకు కారణమైన పామర్ అండ్ కంపెనీ పెట్టింది ఆ దంపతుల కొడుకే. ధర ఎక్కువే, అయినా శాకాహారం కడుపునిండా దొరుకుతుంది. భవనం లీజు విషయంలో యజమానులతో వివాదం నడిచింది, కాబట్టి బయల్దేరేముందు తెరిచి ఉందో లేదో చూసుకుని టేబుల్ బుక్ చేసుకోండి.

ఇంకో సాయంత్రం దొరికితే ఊరికి తూర్పున విల్టన్స్ మ్యూజిక్ హాల్‌కి వెళ్లండి, టవర్ హిల్ స్టేషన్ నుంచి నడక. 1843 చట్టం తర్వాత థియేటర్ అయితే నాటకం ఆడొచ్చు కానీ హాల్లో తాగకూడదు, పబ్బు అయితే తాగొచ్చు, పాటలు పెట్టొచ్చు, నాటకం ఆడకూడదు. ఆ మెలికలోంచే పబ్బుల వెనక గదులు పాటల హాళ్లుగా పెరిగాయి. విల్టన్స్ 1859లో అలా ఒక పబ్బు వెనక కట్టిందే. ముందున్న మహాగనీ బార్‌లో కూర్చోవడానికి టికెట్ అక్కర్లేదు, హాలు లోపల చూడాలంటే ఆ రాత్రి కార్యక్రమానికి టికెట్ కొనొచ్చు.

మీ ఆవిడ ఎంత దూరం నడవగలరో రాయండి. ఫ్లీట్ స్ట్రీట్ నుంచి స్ట్రాండ్ దాకా బస్సులున్నాయి, ఆ ముక్క తగ్గించి దారి మళ్లీ రాసిస్తాను.